కట్టుడు పళ్లకూ వ్యాకరణం



తెలుగు తరగతిలో ‘వ’ దంత్యోష్ఠ్యమని బట్టీపట్టాం. సూళ్లూరుపేటలో పళ్లసెట్లు కట్టే నాకు రోజూ పనికొస్తున్న పాఠం అదే. పళ్లను ముందు మైనంలో అమర్చి ‘వాన, వంకాయ, వేప’ అనిపిస్తాం. పైపళ్ల అంచు కింది పెదవిని మెత్తగా తాకితే సరే, లేదంటే మైనం మళ్లీ కరిగించాల్సిందే. ‘సూళ్లూరుపేట’ అన్నప్పుడు ఈల వినిపించినా అంతే!

పైసెట్టు అంగిలిని కరుచుకుని నిలుస్తుంది. కిందిదాన్ని నాలుక నిలవనివ్వదు. పైగా పళ్లు పోయినచోట ఎముక అరుగుతూనే ఉంటుంది. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 25 ఏళ్ల ఎక్స్‌రేలు పోల్చి, కింది దవడ అరుగుదల పైదానికి సుమారు 4 రెట్లని 1972లో రాశారు. అందుకే కిందిసెట్టు జేబులో వేసుకు తిరిగే పెద్దల మీద నాకు కోపం రాదు.

1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ ఒక రోగి దవడలో టైటానియం మరలు బిగించారు. ఎముక వాటిని పట్టేసుకుంది. మన షార్ నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ నాలుగోదశ ట్యాంకులూ ఆ లోహపు మిశ్రమమే. కింది దవడకు రెండు మరలు, వాటిమీద టిచ్‌బటన్‌లా బిగిసే సెట్టు: పళ్లే లేనివారికి ఇదే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్‌లో నిపుణులు తేల్చారు. ఖర్చు మాత్రం అందరికీ అందదు.

అందనివారు పళ్లన్నీ పీకించుకునే ముందు ఒక్కమాట అడగండి. కింద గట్టి కోరపళ్లు రెండున్నా, రూట్ కెనాల్ చేసి, పైభాగం తగ్గించి, వేళ్ల మీదే సెట్టు కడతాం. వేరున్నచోట ఎముక అంత త్వరగా అరగదు.

సభ అయ్యాక ఇక్కడే ఉంటాను. గురువుల్లో ఎవరి సెట్టైనా వదులైతే చూపించండి.