పరిశోధన కూడా పనే
(కోటగిరిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీడీల రేటు గురించి, అంగన్‌వాడీల జీతాల గురించి మాట్లాడుకునే చోట పిహెచ్.డి. చేసే ఆడపిల్లల గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పెద్ద చదువులు చదివినవాళ్లు, వాళ్ల కష్టాలు వాళ్లే చూసుకుంటారు అనే మాట మన సంఘాల్లోనే విన్నాను. కాని ఆ అమ్మాయిలు ఎవరింటి పిల్లలో ఒకసారి చూడండి. 2006లో మన జిల్లాకు తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చి, డిచ్‌పల్లిలో క్యాంపస్ ఏర్పడ్డాక, హైదరాబాదు పంపే స్తోమత లేని ఇళ్ల ఆడపిల్లలకు కూడా పరిశోధన అందుబాటులోకి వచ్చింది. బీడీలు చుట్టి ఫీజు కట్టిన తల్లుల పిల్లలు వీళ్లలో ఉన్నారు. ఆ తల్లికి వెయ్యి బీడీలకు ఇంత అని రేటుంది. కార్డున్న తల్లికి పి.ఎఫ్. కూడా ఉంది. ఆ రేటు చాలదని మనం కొట్లాడుతున్నాం, అది వేరే సంగతి. బిడ్డ ఐదారేళ్లు చేసే పనికి మాత్రం రేటూ లేదు, కార్డూ లేదు. ఎందుకంటే చట్టం దృష్టిలో ఆమె చేసేది పని కాదు, చదువు.

నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చిన వాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000 ఇస్తున్నారు. అది కొద్దిమందికే దక్కుతుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు జాతీయ ఫెలోషిప్పులు ఉన్నాయి గాని వాటి సంఖ్యకూ హద్దుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికి నెలకు 8,000 ఇచ్చే పద్ధతి ఉండేది. 2015 అక్టోబరులో యు.జి.సి. దాన్ని ఎత్తివేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యు.జి.సి. కార్యాలయం ముందే బైఠాయించి పోరాడారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరిన పిల్లలకు ఆ ఎనిమిది వేల పద్ధతి కూడా వర్తించలేదు. కాబట్టి ఫెలోషిప్ రాని అమ్మాయి పొద్దున ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటిపని చేసి, రాత్రి థీసిస్ రాస్తుంది. మగపిల్లవాడికీ డబ్బు ఇబ్బంది ఉంటుంది, కాదనను. కాని అతన్ని 'ఇంకెన్నాళ్లు చదువుతావు, పెళ్లెప్పుడు' అని రోజూ అడిగేవాళ్లుండరు.

యు.జి.సి. స్త్రీల కోసం ఏమీ చేయలేదని నేను అనను. 2016 నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనల్లోనూ కొన్ని మంచి ఏర్పాట్లున్నాయి. పిహెచ్.డి. పూర్తికి మామూలు గడువు ఆరేళ్లు. తిరిగి రిజిస్ట్రేషన్ చేసుకుంటే మరో రెండేళ్లు. స్త్రీలకు ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్లకు మించకుండా. ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు. పెళ్లయి గాని, వేరే కారణంతో గాని ఊరు మారితే, షరతులకు లోబడి, అప్పటిదాకా చేసిన పరిశోధనను కొత్త ఊరి విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. ఈ చివరిది చాలామంది అమ్మాయిలకు తెలియదు. పెళ్లి కుదరగానే 'ఇక మానేస్తా' అనే అమ్మాయికి ఈ ఒక్క మాట చెప్పినా చాలు.

అయితే ఈ నిబంధనలు ఇచ్చింది కాలాన్ని. కూడు ఇవ్వలేదు. జె.ఆర్.ఎఫ్. ఉన్నామెకు ప్రసూతి సెలవులో ఫెలోషిప్ అందుతుంది. లేనామెకు ఆ 240 రోజులు పైసా రాని సెలవు. పదేళ్ల గడువు కూడా అంతే. గడువు పెరిగే కొద్దీ ఆమె వయసు పెరుగుతుంది, ఉద్యోగానికి వెళ్లినప్పుడు 'ఇంత ఆలస్యమెందుకైంది' అని అడుగుతారు. పిల్లల్ని పెంచిన ఏళ్లు దరఖాస్తులో ఖాళీగా కనబడతాయి.

పట్టా చేతికొచ్చాక ఏమవుతోంది? రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడంతో మన విశ్వవిద్యాలయాలు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీదే నడుస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలకు మార్గదర్శకాలు ఇస్తే, ఏళ్లుగా పనిచేస్తున్న తమ సంగతేమిటని కాంట్రాక్టు అధ్యాపకులు రోడ్డెక్కారు. వాళ్ల ప్రశ్నా న్యాయమైనదే, కొత్తగా పట్టా పుచ్చుకుని బయట నిలబడ్డవాళ్ల ప్రశ్నా న్యాయమైనదే. వీళ్లిద్దరినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం పాలకులకు సులువు. మనం ఆ ఉచ్చులో పడకూడదు. గంటల లెక్కన పాఠాలు చెప్పే ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. సెలవుల్లో పీరియడ్లుండవు, జీతమూ ఉండదు. గర్భిణి అయితే వచ్చే ఏడాది పేరు ఉంటుందో లేదో తెలియదు. ఇక్కడ మనకు చేతిలో ఆయుధం ఉంది. ఢిల్లీ మున్సిపాలిటీలో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడకూలీలకు ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ఆ ప్రయోజనం ఆగదని 2023 ఆగస్టులో ఒక కాంట్రాక్టు వైద్యురాలి కేసులో చెప్పింది. ఆ కూలీ అక్కలు గెలిచింది మన లెక్చరర్లకు కూడా పనికొస్తుంది. చదువుకున్నవాళ్లది వేరే పోరాటం అనేవాళ్లకు ఇదే నా జవాబు.

యూరప్‌లో అంతా బాగుందని అనుకునేరు. నెదర్లాండ్స్‌లో పిహెచ్.డి. చేసేవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయ ఉద్యోగులే. జీతం, సెలవు, పెన్షన్ ఉంటాయి. పరిశోధకులను మొదటినుంచే వృత్తిలో ఉన్నవాళ్లుగా గుర్తించాలని యూరోపియన్ కమిషన్ 2005లో ఒక చార్టర్ కూడా వెలువరించింది. కాని మన పిల్లలు ఎక్కువగా వెళ్లే జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం తాత్కాలిక కాంట్రాక్టుల్లో డాక్టరేటుకు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు మాత్రమే ఉండవచ్చు. బిడ్డ ఉంటే ఒక్కో బిడ్డకు రెండేళ్లు కలుపుతారు. ఆ తర్వాత స్థిరమైన పోస్టు దొరకకపోతే చాలామందికి బయటి దారే. ఆ చట్టాన్ని సమర్థిస్తూ ప్రభుత్వం చూపిన వీడియోలో హన్నా అనే కల్పిత పరిశోధకురాలుంటే, 2021లో వేలమంది 'నేనే హన్నా' అని తిరగబడ్డారు. చూశారా, అక్కడా కాలమే కలుపుతున్నారు.

ఇంకొక్క విషయం, ఇది మన బాధ్యత. థీసిస్ మీద సంతకం పెట్టే గైడు చేతిలో అమ్మాయి ఏళ్ల తరబడి ఉంటుంది. లైంగిక వేధింపుల మీద యు.జి.సి. 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఫిర్యాదు చేసిన విద్యార్థిని పనిని ఆ ఫిర్యాదు ఎదుర్కొంటున్న వ్యక్తి మూల్యాంకనం చేయకుండా ఆపమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎంతమంది నోరు మూసుకున్నారో. కమిటీలో స్త్రీల సమస్యలపై పనిచేసే స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరుండాలి. విద్యార్థుల కేసయితే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు, వాళ్లలో ఒకరు పరిశోధక విద్యార్థి ఉండాలి. ఆ స్వచ్ఛంద సంస్థ కుర్చీలో ఎవరు కూర్చున్నారో మన జిల్లాలో మనలో ఎవరికైనా తెలుసా?

తెలుసుకుందాం. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. గత పదేళ్లలో పిహెచ్.డి.లో చేరిన స్త్రీలెందరు, పూర్తిచేసినవాళ్లెందరు, ప్రసూతి సెలవు అడిగినవాళ్లెందరు, పొందినవాళ్లెందరు, కమిటీలో బయటి సభ్యురాలెవరు, ఎన్నిసార్లు సమావేశమైంది అని అడగండి. దరఖాస్తు ముసాయిదా రాసి తెచ్చాను. బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ నుంచి వచ్చిన అక్కలు పోయేముందు ఒక్కో ప్రతి తీసుకువెళ్లండి.