కొండరాయి, బోదగడ్డి

అనంతపురము పేరు వినగానే మనకు కరవు జ్ఞప్తికి వచ్చును. పడమటి కనుమల చాటున నుండుటచే ఈ పీఠభూమికి సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే లభించును. ఇట్టి నేలపై రైతు కట్టుకొనిన రాతి కొట్టమును గూర్చి ఈ పూట ముచ్చటింతము.

గుత్తి, పెనుకొండ, మడకశిర ప్రాంతములలో గ్రానైటు కొండలు విరివిగా కలవు. వీనిలో పెనుకొండ, మడకశిరలు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, రాయి ఒక్కటే, రైతు ఒక్కడే. పూర్వము బండపై మంట వేసి, వేడికి విచ్చిన పొరను సమ్మెటతో చీల్చెడివారు. తాడిపత్రి వైపున నాపబండలే లభించును. కాన ఇంటిరాయికై దూరము పోవలసిన పని లేదు.

ఈ గోడ ఒంటిగోడ కాదు. లోపల నొక వరుస, వెలుపల నొక వరుస రాళ్లు పేర్చి, నడుమ మట్టియు రాతిముక్కలును కూరుదురు. అక్కడక్కడ ఒక పొడవైన రాతిని అడ్డముగా నుంచి రెండు వరుసలను కలుపుదురు. అది లేనిచో గోడ కడుపు ఉబ్బి కూలిపోవును.

గోడలపై దూలము, వాసములు, వెదురులు నిలిపి కిత్తనారతో బిగింతురు. కొండనుండి కోసి తెచ్చిన బోదగడ్డిని చూరునుండి పైకి వరుసమీద వరుసగా కప్పుదురు. చూరు క్రిందికి వంగియుండుటచే మిట్టమధ్యాహ్నపు ఎండ గోడను తాకదు. ఆషాఢపు గాలికి కప్పు సులభముగా లేవదు. రాయి మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును. అందుచే పగలు లోపల చల్లదనము, వేసవి రాత్రి ఆరుబయట పడక. ఒక ప్రక్క కుటుంబము, మరియొక ప్రక్క గాడికడ ఎద్దులు: అందరికిని ఒకటే కప్పు.

ఈ ఇంటికి దోషములు లేకపోలేదు. నిప్పురవ్వ పడినచో కప్పు దక్కదు. కొన్ని ఏండ్లకొకసారి కొత్త గడ్డి కప్పక తప్పదు. బీళ్లు వేరుసెనగ చేలుగా మారినకొలది ఆ గడ్డియు అరుదయ్యెను. రేకులు వచ్చెను; వానితో లోపలికి ఎండవేడియు వచ్చెను.

విడిచిన ఇండ్ల సంగతి మరింత విచారకరము. రాతిగోడకు చావు తలనుండియే వచ్చును. కప్పు పోగానే వాననీరు నడిమి మట్టిలోనికి దిగును, మట్టి జారును, తరములు నిలిచిన గోడ కొలది ఏండ్లలోనే విచ్చిపోవును. కావున పాత కొట్టము గలవారికి మా మనవి ఒక్కటే. అందు కాపురము లేకున్నను గోడతలపై బండ పరచి, సందులు మట్టితో మెత్తుడు. తల తడవనంతకాలము ఆ గోడ మరల కప్పును మోయగలదు.