రక్త పరీక్ష కాగితాన్ని ఎట్లా నమ్మేది?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శులకు, పాల పరీక్షకులకు పెనుకొండలో జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



ఉదయము నుండి మీరు పాల పరీక్షను గురించి వింటున్నారు. నేను రక్త పరీక్షను గురించి మాట్లాడదలచినాను. సహకార ఇన్‌స్పెక్టరుకు రక్తముతో ఏమి పని అని కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ఈ మధ్య నేను తనిఖీకి పోయిన సంఘాల తీర్మానాల పుస్తకాల్లో ఒకే రకమైన తీర్మానము కనపడుతున్నది. సభ్యుల సంక్షేమానికి కేటాయించిన సొమ్ముతో ఆరోగ్య శిబిరము పెట్టడము, ఒక ప్రైవేటు ల్యాబు వారితో మాట్లాడి తలకు ఇంత అని రక్త పరీక్షలు చేయించడము. ఉద్దేశము మంచిదే. తీర్మానములో ల్యాబు పేరు ఉంటుంది, తలకు ఎంత అన్నది ఉంటుంది. ఆ ల్యాబు ఇచ్చే అంకె సరైనదని ఎట్లా తెలిసిందన్నది మాత్రము ఉండదు. దాణా కొనేటప్పుడు మూడు కొటేషన్లు తెప్పించి, బస్తా విప్పి వాసన చూసే సంఘము, రక్తము దగ్గరికి వచ్చేసరికి ధర ఒక్కటే చూస్తున్నది.

మీకు ఇది కొత్త విద్య ఏమీ కాదు. పొద్దున ఆరు గంటలకు సంఘము ముందర ఏమి జరుగుతుందో మీకంటే ఎవరికి తెలుసు? "ఏమప్పా, నిన్న నాలుగున్నర, ఈ పొద్దు మూడు పాయింటు ఎనిమిదా? నా ఆవు ఒక రాత్రిలోనే పలచబడిందా?" అని ఒక అమ్మ చెంబు పట్టుకొని నిలబడుతుంది. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ మాటకు పరీక్షకుడు మళ్ళీ పాలు కలియబెట్టి, మళ్ళీ శాంపిలు తీసి చూపిస్తాడు. వెన్న శాతములో అర పాయింటుకు ఇంత పట్టుపట్టే ఆమె, తన చక్కెర అంకె వ్రాసిన కాగితాన్ని మాత్రము మారు మాట లేకుండా మడిచి కొంగున కట్టుకొని పోతుంది.

గెర్బరు పరీక్షనే తీసుకోండి. పది మిల్లీలీటర్ల గంధకామ్లము, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైలు ఆల్కహాలు. ఆమ్లము బలము ఎక్కువైతే గొట్టములో నల్లటి మాడు, తక్కువైతే తెల్లటి పెరుగు ముక్కలు. అంకె చదవడానికే వీలు కాదు. కానీ అంతకంటే పెద్ద తప్పు గొట్టము దగ్గర జరగదు, క్యాను దగ్గర జరుగుతుంది. కలియబెట్టకుండా పైపైన ముంచితే మీగడ వస్తుంది, అడుగు నుండి తీస్తే పలచన వస్తుంది. ఆ తరువాత యంత్రము ఎంత గొప్పదైనా అది తప్పు శాంపిలుకు సరైన అంకె ఇస్తుంది.

వైద్య ప్రయోగశాలలో కూడా తప్పుల్లో ఎక్కువ భాగము యంత్రము ముట్టుకోకముందు జరిగేవే. ఒకరి గొట్టము మీద ఇంకొకరి పేరు, సూది పోటులోనే రక్తకణాలు పగిలిపోవడము, పరగడుపున రమ్మంటే కాఫీ తాగి రావడము. మన ప్రాంతానికి బాగా వర్తించేది ఇంకొకటి ఉన్నది, దాని దగ్గర కొంచెము ఆగుతాను.

మామూలు గొట్టములో తీసిన రక్తాన్ని అట్లాగే పెడితే అందులోని కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో గంటకు సుమారు 5 నుండి 7 శాతము తగ్గిపోతుంది. మన ఎండాకాలములో ఇంకా త్వరగా పోతుంది. పరగడుపున చక్కెర 126 వస్తే చక్కెర వ్యాధి గీత తగిలినట్టు లెక్క. ఉదయము ఏడు గంటలకు 126 ఉన్న మనిషి రక్తము శిబిరము బల్ల మీదో, మోటారు సైకిలు సంచిలోనో మూడు గంటలు ఉండి పది గంటలకు యంత్రము ఎక్కితే, కాగితము మీద 105కు అటూ ఇటూ పడుతుంది. "ఇంకా రాలేదులే" అని ఆ మనిషి ఇంటికి పోతాడు. రెండేండ్ల తరువాత కాలు పుండు మానక ఆసుపత్రికి పోతాడు. యంత్రము తప్పు చేయలేదు, కెమిస్టు తప్పు చేయలేదు, సంచి తప్పు చేసింది. ఇందుకే చక్కెరకు బూడిద రంగు మూత గొట్టము వాడుతారు. అందులో ఫ్లోరైడు ఉంటుంది, అది కణాల తిండిని ఆపుతుంది. ఆ మందు పూర్తిగా పని చేయడానికీ కొంత సేపు పడుతుంది గనుక, వీలైనంత త్వరగా చల్లబరచి, రక్తములోని నీటి భాగాన్ని వేరు చేయడము ఇంకా మంచి పద్ధతి. పాలు పిండిన తరువాత చల్లబరిచే కేంద్రానికి చేర్చడానికి మనకు గడువు ఉన్నట్టే దీనికీ గడువు ఉన్నది.

మన మూడు ఊళ్ళూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. హిందూపురము నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. అందువల్ల మన ఊళ్ళలో బోర్డు పెట్టిన చోట రక్తము తీయడము మాత్రమే జరిగి, పరీక్ష ఇంకో నగరములో జరిగే ఏర్పాటు ఉంటుంది. అది తప్పు అని నేను అనడము లేదు. పెద్ద ప్రయోగశాలలో మంచి యంత్రాలు ఉంటాయి. రక్తము ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎట్లాంటి పెట్టెలో పోయింది, ఎన్ని గంటలకు చేరింది అని అడగాలి. సమాధానము ఉన్నవారు వెంటనే చెబుతారు. సమాధానము లేనివారికి కోపము వస్తుంది. ఇది నా అనుభవము.

ఇక ప్రయోగశాల లోపలి సంగతి. 1947లో అమెరికాలో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు వైద్యులు ఒక పని చేశారు. ఒకే రకమైన నమూనాలను పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఆసుపత్రుల ప్రయోగశాలలకు పంపి, వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూశారు. తృప్తికరమైన ఫలితాల కంటే తృప్తికరము కానివే ఎక్కువ వచ్చినాయి. ఎవరూ మోసము చేయలేదు. తమ అంకె తప్పని తెలుసుకునే దారి ఎవరికీ లేకపోయింది, అంతే. మూడేండ్లకు, 1950లో, లీవీ, జెన్నింగ్స్ అనేవారు ఒక దారి చూపించారు. అది వారు కనిపెట్టినది కూడా కాదు. టెలిఫోను సామాను తయారు చేసే కర్మాగారములో నాణ్యత కోసము 1924లో షూహార్ట్ అనే ఆయన గీసిన పటాన్ని రక్త పరీక్షకు తెచ్చారు.

ఆ పటము మనకు సులభముగా అర్థమవుతుంది. చక్కెర 100 ఉన్నదని ముందే తెలిసిన సీరము ఒకటి కొని తెచ్చి, రోగుల రక్తము పెట్టకముందు ప్రతి రోజూ అది పెట్టి చూస్తారు. 94కు, 106కు మధ్య వస్తే పని మొదలు పెట్టవచ్చు. 91 కంటే కిందికో, 109 కంటే పైకో పోతే ఆ రోజు యంత్రము ఆపి కారణము వెతకాలి. అన్ని రోజులూ లోపలే ఉండి, పది రోజులుగా వరుసగా నూటికి పైనే వస్తున్నదనుకోండి, అప్పుడు కూడా ఏదో ఒక పక్కకు జరుగుతున్నదని అర్థము. చల్లబరిచే కేంద్రములో ఎలక్ట్రానిక్ మిషను అంకెను గెర్బరుతో సరిపోల్చుకోవడము ఇటువంటిదే. కంట్రోలు సీరముకు డబ్బు ఖర్చు. అతి తక్కువ ధరకు శిబిరము చేస్తామనే వారు మొదట మిగిల్చుకోగలిగిన ఖర్చు కూడా ఇదే. రోగికి అది కనపడదు గదా.

తన అంకె తాను చూసుకోవడము సరే, బయటివారు చూడవద్దా? తమిళనాడులో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారు దేశములోని ప్రయోగశాలలకు అంకె చెప్పకుండా నమూనాలు పంపుతారు. ఎవరికి ఎంత వచ్చిందో తెప్పించుకొని, తక్కిన అందరితో పోల్చి నీవు ఎక్కడ ఉన్నావో తెలియజేస్తారు. రక్తకణాల లెక్కకు ఢిల్లీలోని ఎయిమ్స్ వారి ఏర్పాటు ఉన్నది. చిన్న ఊరి ల్యాబు కూడా చందా కట్టి చేరవచ్చు. ఆ కాగితము చూపించమని మనము అడగవచ్చు.

ఇప్పుడు గుర్తింపు మాట. అక్రెడిటేషన్ అంటారే, అది. మన దేశములో ఎన్.ఎ.బి.ఎల్. అనే సంస్థ ఇస్తుంది. ఇది ఇప్పుడు క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో ఒక బోర్డుగా ఉన్నది. పాలను పరీక్షించే ప్రయోగశాలకైతే ఐ.ఎస్.ఓ. 17025 అనే ప్రమాణము, మనుషుల రక్తాన్ని పరీక్షించే ప్రయోగశాలకు ఐ.ఎస్.ఓ. 15189. ఈ రెండవది 2003లో మొదట వచ్చింది, ఇప్పటి కూర్పు 2022 నాటిది. నేను ఆడిట్ శాఖ పక్కన బ్రతికినవాడిని గనుక నాకు అర్థమైనట్టు చెబుతాను. సంఘము లెక్కలు సంఘమే చూసుకొని "అన్నీ సరిగానే ఉన్నాయి" అని వ్రాసుకుంటే చట్టము ఒప్పుకోదు, బయటి ఆడిటరు రావాలి. ఇదీ అంతే. ఆ విద్య తెలిసినవారు వచ్చి, యంత్రాల పుస్తకము, పటాలు, పని చేసే మనిషి చదువు, పాత రిపోర్టులు చూసి, పక్కన నిలబడి పరీక్ష చేయించి చూస్తారు. తేడా ఒక్కటే. మనకు ఆడిట్ తప్పనిసరి. ల్యాబుకు ఈ గుర్తింపు స్వచ్ఛందము.

ఇక్కడే మనవాళ్ళు మూడు కాగితాలను ఒకటి చేస్తున్నారు. మన రాష్ట్రములో 2002 నాటి చట్టము కింద ప్రైవేటు వైద్య సంస్థలు నమోదు కావాలి. అది తలుపు తెరవడానికి అనుమతి. ఐ.ఎస్.ఓ. 9001 అని బోర్డు మీద ఉంటే అది ఆఫీసు పద్ధతిగా నడుస్తున్నదనే మాట. బోర్డు మీద ఐ.ఎస్.ఓ. కనపడితే కుక్కరు మీది ఐ.ఎస్.ఐ. మార్కు అనుకునేవారు చాలామంది ఉన్నారు! ఫలానా పరీక్ష చేయడములో సమర్థత ఉన్నదని చెప్పేది అక్రెడిటేషన్ ఒక్కటే. అది కూడా ల్యాబు మొత్తానికి కాదు. ఏయే పరీక్షలకు ఇచ్చారో జాబితా ఉంటుంది. నలభై పరీక్షలు చేసే చోట పన్నెండింటికే ఉండవచ్చు. మీరు చేయించేది ఆ పన్నెండులో ఉన్నదా? లేని పరీక్ష అయితే రిపోర్టులో ఆ సంగతి తెలపాలి. ఎన్.ఎ.బి.ఎల్. వెబ్‌సైటులో పేరు, ఊరు కొట్టి చూస్తే సర్టిఫికెట్ నంబరు, గడువు తేదీ, పరీక్షల జాబితా కనపడుతాయి. సంఘములో కంప్యూటరు నడిపే పిల్లవాడు ఐదు నిమిషాల్లో చూసి పెడతాడు. బెంగుళూరు ప్రయోగశాలకు ఉన్న గుర్తింపు, అదే పేరుతో మన బజారులో రక్తము తీసే గదిలో చేసే పరీక్షకు వర్తించదు.

చిన్న ల్యాబులకు ఇదంతా బరువు అనే మాట నిజమే. అందుకే 2019లో ఎన్.ఎ.బి.ఎల్. వారు మామూలు పరీక్షలు మాత్రమే చేసే చిన్న ప్రయోగశాలల కోసము తొలిమెట్టు పథకము ఒకటి ప్రారంభించారు. మన ఊళ్ళ ల్యాబుల యజమానులకు ఈ మాట చెవిన వేయవలసినది పెద్ద ఆర్డరు ఇచ్చే మనమే. నూరు మంది సభ్యులను తీసుకుపోయే సంఘము అడిగితే వింటారు, ఒంటరి రోగి అడిగితే వినరు.

గుర్తింపు ఉన్నంత మాత్రాన అన్నీ తీరిపోవు. ధర్మవరం వైపు ఒక సంఘ సభ్యునికి రెండు నెలలు జ్వరము వచ్చి పోతూ ఉన్నది. రాత్రి చెమటలు, నడుము నొప్పి. మూడు చోట్ల వైడాల్ పరీక్ష చేశారు. ఒకచోట 80, ఒకచోట 160, ఇంకొకచోట లేదు. మూడు సార్లు టైఫాయిడు మందు తిన్నాడు. చివరకు ఒక డాక్టరు "ఇంట్లో పశువులు ఉన్నాయా?" అని అడిగినాడు. ఆవు ఈసుకుపోయిందనీ, ఆ మాయను తానే చేతులతో తీసి పారవేసినాననీ అప్పుడు చెప్పినాడు. బ్రూసెల్లా పరీక్ష చేస్తే అది తేలింది. దానికి ఆరు వారాలు మందు తినాలి, టైఫాయిడు మోతాదుతో పోదు. ఒక్కసారి చేసిన వైడాల్ అంకె మీద టైఫాయిడు అని తేల్చకూడదని వైద్యులే చెబుతారు. మందులు మొదలు పెట్టకముందు రక్తము కల్చరుకు పంపడము మేలు. ఎంత గుర్తింపు ఉన్న ప్రయోగశాల అయినా, అడగని పరీక్ష చేయదు. కాబట్టి మన సభ్యులు శిబిరములో పేరు, వయసుతో పాటు పశువుల పని చేస్తామని, ఆవు ఈసుకుపోయి ఉంటే ఆ మాట కూడా వ్రాయించాలి. 2019లో మొదలైన కేంద్ర పథకము కింద నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేస్తారు. దూడను దాచిపెట్టే సభ్యులకు ఈ కథ చెప్పండి.

ఇంకొక మాట, ల్యాబుల పక్షాన. రెండు చోట్ల హిమోగ్లోబిను 11.2, 11.6 వస్తే గొడవకు పోవద్దు. పాలలో 4.1, 4.2 వచ్చినట్టే అది. 8, 11 వస్తే మాత్రము ఊరుకోవద్దు.

శిబిరము తీర్మానములో ఇకమీద ధరతో పాటు పరీక్షల పేర్లు, పరీక్ష ఏ ఊరిలో జరుగుతుంది, వాటిలో గుర్తింపు ఉన్నవి ఏవి, గుర్తింపు లేకపోతే రోజువారీ కంట్రోలు పటము, బయటి పోలిక కాగితము చూపించినారా, రక్తము తీసిన వేళ రిపోర్టు మీద వేస్తారా, అనుమానము వచ్చిన అంకెకు మళ్ళీ పరీక్ష ఎవరి ఖర్చు అన్నవి వ్రాయండి. సూది పెట్టేది ఎనిమిది గంటలలోపు ముగించి, గొట్టాలు నీడలో, చల్లటి పెట్టెలో పెట్టించండి. పాలు పోసే వేళ, రక్తము ఇచ్చే వేళ ఒకటే అయి సభ్యులు పరగడుపున ఎండలో నిలబడకుండా ముందురోజు చీట్లు పంచండి. నేను నమూనా తీర్మానము ఒకటి వ్రాసి తెచ్చినాను. కావలసిన కార్యదర్శులు భోజనానికి లేచేలోపల నకలు తీసుకోవచ్చు.