చౌక పరికరాలతో కారు బలం పెరుగుతుందా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పైరెండేళ్లు బస్సుల వర్క్‌షాపులో ఇంజన్ల మధ్య పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుచేత కార్ల విషయంలో సందేహం వస్తే మన సభ్యులు నన్ను అడుగుతుంటారు. ఈమధ్య తరచుగా వింటున్న ప్రశ్న ఇది: "పదిహేను వందలు పెట్టి ఫలానా పరికరం బిగిస్తే ఇంజన్ పవర్ పెరుగుతుందట, నిజమేనా?" కార్యదర్శిగారు దాని మీదనే నాలుగు మాటలు చెప్పమన్నారు.

మనలో చాలామందికి మొదటి కారు మారుతి 800. అది 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 796 సి.సి., మూడు సిలిండర్లు, నలభై హార్స్‌పవర్ కూడా లేదు. అయినా పిల్లల్ని, సామాన్లను వేసుకుని దానిలోనే శ్రీశైలం ఘాట్ ఎక్కాం. ఇప్పటి మన కార్లు చాలావరకు అంతకంటె బలమైనవే. అవి కూడా చాలడం లేదనిపిస్తే, కొత్తగా ఏం తగిలించాలని కాక, ఉన్న బలం ఎక్కడ పోయిందని అడగాలి.

ఇంజన్ బలానికి మూలం గాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. బలం పెరగాలంటే ఎక్కువ గాలి లోపలికి పోవాలి, దానికి తగ్గ పెట్రోలు పడాలి. బజారులో దొరికే వస్తువులను ఈ లెక్కతో చూద్దాం.

పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతం మొదటిది. దానివల్ల పెట్రోలు పూర్తిగా మండుతుందంటారు. మంచి స్థితిలో ఉన్న ఇంజన్‌లో నూటికి 97, 98 వంతులు ఎలాగూ మండుతూనే ఉన్నది. మిగిలిన రెండు మూడు వంతుల్లోంచి ఇరవై శాతం లాభం ఎలా వస్తుంది? మంత్రాలకు చింతకాయలు రాలవు.

రెండోది, గాలి గొట్టంలో పెట్టే చిన్న ఫ్యాను. లోపలికి పోయే గాలే దాన్ని తిప్పుతుంది గనుక అది గాలికి అడ్డమే. అసలైన టర్బో పొగగొట్టంలోని వాయువుల ఒత్తిడితో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని తట్టుకునేలా ఇంజన్‌ను మొదటే తయారుచేస్తారు.

మూడోది, శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టర్. ఇందులో కొంత నిజం ఉంది. మంచి ఫిల్టర్, దానికి జోడుగా మంచి సైలెన్సర్ ఉంటే ఇంజన్ అతివేగంగా తిరిగేటప్పుడు కొద్దిపాటి లాభం ఉండవచ్చు. కాని అబిడ్స్ జి.పి.ఓ. నుంచి నాంపల్లి స్టేషన్ దాకా పోయే మనకు రెండో గేరు దాటడమే గగనం. పైగా అది బానెట్ కింది వేడిగాలిని పీలుస్తుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు శాతం పలచబడుతుంది. మన మే నెల ఎండల్లో వచ్చే లాభం అక్కడే హరించుకుపోతుంది.

కారులోని కంప్యూటరు ప్రోగ్రాం మార్చి టర్బో డీజిల్ బండ్ల బలం పెంచడం మాత్రం వాస్తవం. అయితే అది చౌక పని కాదు. క్లచ్, గేరుబాక్సుల మీద భారం పడుతుంది, వారంటీకీ ముప్పే.

మన నాంపల్లి నుమాయిష్ 1938 నుంచి ఉన్నది. అక్కడ కూరగాయలు తరిగే యంత్రం అమ్మేవాడు మన కళ్లముందే క్యారట్ తరిగి చూపిస్తాడు. నచ్చితే కొంటాం. ఇంజన్ బలం అలా కంటికి కనపడదు, డైనమోమీటరు మీద కొలవాలి. ఆ కొలత చీటీ చూపించమనండి. అమెరికా పర్యావరణ సంస్థ పెట్రోలు ఆదా చేస్తాయన్న పరికరాలను వందకు పైగా పరిశీలిస్తే, ఏ కొంచెమైనా పనికివచ్చినవి బహు స్వల్పం.

మన సభ్యులొకరి సంగతి చెబుతాను. శ్రీమతిని వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకువెళ్లే బండి అది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఒక దుకాణంలో అయస్కాంతం, ఫ్యాను కలిపి బిగించుకోమన్నారట. నడిపి చూస్తే క్లచ్ ప్లేటు అరిగి జారిపోతున్నది. ఇంజన్‌కు ఏ లోపమూ లేదు. పరికరాలు బిగించి ఊరుకుని ఉంటే ఏదో ఒకరోజు వాహనాల నడుమ ఎత్తు మీద ఆ దంపతులు ఆగిపోయేవారు. ప్లేటు మార్పించాక బండి మునుపటిలా ఎక్కుతున్నది.

అందుచేత బండి నీరసించిందనిపిస్తే ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, టైర్లలో గాలి చూపించండి. తర్వాత బ్రేకులు పట్టుకుంటున్నాయేమో, క్లచ్ జారుతోందేమో, చివరగా సిలిండర్ల కంప్రెషన్ చూపించండి. వీటిలో చాలావాటికి అయ్యే ఖర్చు ఆ పరికరం ధర కంటె తక్కువే.

మరొక హెచ్చరిక. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. తెలియజేయకుండా చేసిన మార్పుల వల్ల ప్రమాద సమయంలో బీమా సొమ్ముకు చిక్కు రావచ్చు. పెన్షన్ మీద బతికేవాళ్లం, ఆ నష్టం మనం భరించలేం.

మనవలు ముచ్చటపడి ఏదైనా కొనమంటే కోప్పడకండి. ట్యాంకు నింపి, రోజూ తిరిగే దారిలోనే పరికరంతో రెండుసార్లు, తీసేసి రెండుసార్లు మైలేజీ లెక్క వేయించండి. లెక్క వాళ్ల చేతే రాయించండి.