ఉద్యోగి వెంట అండమానునకు



ఉద్యోగి పనిమీద పొరుగూరు పోయినచో ప్రయాణవ్యయము సర్కారుది. వెంట పోవు భార్యదో భర్తదో సొంత వ్యయము. అది సార్థకమా యని ప్రతి యింటను చర్చ జరుగును. మావారి వెంట పోర్టు బ్లెయరునకు పోయివచ్చినదానను గనుక నాకు తోచినది మనవి చేయుదును. ఆ పట్టణమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి.

మన గడియారములు కాకినాడకు చేరువగా పోవు 82½ డిగ్రీల రేఖాంశము ననుసరించి నడచును. ఆ దీవి అంతకు సుమారు 10 డిగ్రీలు తూర్పున నున్నది. కావున అచట దాదాపు 40 నిమిషములు ముందుగా ప్రొద్దు క్రుంకును. డిసెంబరులో 5 గంటలకే సంధ్య. మావారు కచేరి విడుచునప్పటికి చీకటియే. పగటి దీవిని చూచుట నా వంతయ్యెను.

అంగడివీధిలో చేపలమ్ము నామె "ఏటి కావాలమ్మా?" యని శ్రీకాకుళపు యాసలో పలుకరించెను. సముద్రము దాటినను మన మాట మనకు ముందే చేరియున్నది.

సెల్యులరు జైలు 1906లో పూర్తియైనది. ఏడు భాగములలో నేడు మూడే మిగిలినవి. ఒక భాగపు గదులు వేరొక భాగపు వీపును చూచునట్లు కట్టిరి. ఖైదీకి ఎదుటి ఖైదీ ముఖము కానరాదు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిగారు అచట బంధింపబడినవారే. ఆ రాత్రి బసలో ఈ సంగతులు చెప్పగా మావారు భోజనము మరచి వినిరి.

ఉద్యోగి పని చక్కబెట్టుకొని వచ్చును; ఊరిని ఇంటికి తెచ్చువారు వెంట పోయినవారే. కూడబెట్టిన రూకలతో ఆ రెండవ టిక్కెట్టు కొనుటకు వెనుదీయకుడని నా మనవి.