పదును పోయిన పటకారు - మార్చదగిన బ్లేడు

(గ్రామీణ చేతిపనివారి సమావేశములో ప్రచారశాఖాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



కర్రు అరిగినదని నాగలిని పొయ్యిలో పెట్టిన రైతు ఎక్కడను ఉండడు. కర్రును ఊడదీసి కమ్మరి కొలిమికి కొనిపోవును. సాగగొట్టించి మరల తొడుగును. సాగుటకు ఇనుము మిగులనప్పుడు క్రొత్త కర్రు వేయించుకొనును. నాగలి మాత్రము అదియే. వడ్రంగి చిత్రికయు అట్టిదే. అందలి ఇనుప అలుగు నూరి నూరి తరిగిపోయిన పిమ్మట వేరొక అలుగు వచ్చును గాని, చేతికి అలవాటుపడిన కొయ్యదిమ్మెను అతడు విడువడు. అరిగిపోవు భాగము వేరు, నిలిచియుండు భాగము వేరు అను వివేకము మన గ్రామములకు ఎవరో వచ్చి నేర్పవలసినది కాదు.

అయినను మనమందరము కటింగ్ ప్లయరు అని పిలుచుకొను తీగలు కోయు పటకారు విషయములో ఈ వివేకమును మరచినాము. దాని రెండు దవడల నడుమ వ్రేలి గోరంత పొడవున పదునైన అంచు ఉన్నది. ఆ గోరంత అంచున గంటుపడిన నాడు, చెక్కుచెదరని పిడులను, అరుగని దవడలను కలిపి మొత్తము పనిముట్టునే మూల పడవేయుచున్నాము. ఈ అంచును మాత్రము విప్పి మార్చుకొను వీలు కల్పించుట యెట్లు? అట్టి పటకారును ఎట్లు మెరుగుపరచవలెను? ఈ సంగతినే నేడు మీతో ముచ్చటింపదలచినాను.

ఇది చిన్న విషయమని ఎవరును తలంపరాదు. పొలమునకు ముళ్ళతీగ కంచె వచ్చినది. కాకర, దొండ పందిళ్ళకు ఇనుప తీగ వచ్చినది. బావి బావికి కరెంటు మోటారు వచ్చినది. వీనితోపాటు కటింగ్ ప్లయరు కూడ రైతు ఇంటి పనిముట్టైనది. దాని పదును పోయినప్పుడు ఏమగుచున్నది? తీగ తెగక నలుగును. దానిని అటునిటు వంచి విరువబోవగా చేయి జారి ముళ్ళకు తగులును. రాగి తీగ పోగులు చితికి, మోటారు స్టార్టరులో బిగువుగా కూర్చొనక, ఆ చోటు వేడెక్కును. కంచెలో మెడ చిక్కుకొని లేగదూడ పెనుగులాడుచున్న వేళ మొద్దుబారిన పటకారు చేతనుండుటయు, లేకుండుటయు ఒక్కటే.

మరి పటకారునే సానపెట్టరాదా అని మీరడుగవచ్చును. కత్తిని సానపెట్టినట్లు దీనిని పెట్టుటకు వీలులేదు. కారణములు రెండు. మొదటిది, మంచి పటకారు దవడలో అంచు మాత్రమే మిక్కిలి గట్టిపరచబడియుండును. ఆ గట్టి పొర కొద్ది మందము మాత్రమే. అది అరిగి లోపలి మెత్తని ఉక్కు బయటపడినచో ఎంత నూరినను పదును నిలువదు. రెండవది, నూరిన కొలది అంచులు వెనుకకు పోవును. దవడల మొనలు ముందుగా తాకి, అంచుల నడుమ సందు మిగులును. ఆ సందులో సన్నని రాగి పోగు తెగక వంగి కూర్చుండును.

ఉక్కు స్వభావమును గూర్చి ఒక మాట. ఎర్రగా కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచిన ఉక్కు గట్టిపడును, కాని పెళుసగును. మరల మెల్లగా కాచినచో పెళుసుదనము తగ్గును, గట్టిదనమును కొంత తగ్గును. అంచుకు కావలసినది గట్టిదనము. పిడికిని దవడకును కావలసినది విరుగక తట్టుకొను ఓర్పు. ఈ రెండును ఒకే ముక్కలో సమకూర్చుట కష్టము. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో కరగించిన ఉక్కుకు పేరుగాంచినది. పారసీక దేశపు వర్తకులు అంతదూరము వచ్చి ఆ ఉక్కును కొనిపోయెడివారు. అంతటి ఉక్కును ఎరిగిన దేశములో, అంచు ఒక ఉక్కుతోను, ఒడలు మరియొక ఉక్కుతోను చేయుట ఎందుకు మేలో కమ్మరి సోదరులకు వివరింప బనిలేదు. బ్లేడును వేరుచేసినచో దానిని కోరినంత గట్టిగా చేయవచ్చును. ఒడలిని కోరినంత ఓర్పుగలదానిగా ఉంచవచ్చును. ఇది మార్పిడి బ్లేడు వలన కలుగు ప్రధాన లాభము. పొదుపు దాని వెనుక వచ్చునది.

ఇట్టి పనిముట్లు ప్రపంచములో లేకపోలేదు. గడ్డము గీయు రేజరునకు మార్పిడి బ్లేడు పెట్టిన అమెరికావాసి కింగ్ కాంప్ జిల్లెట్‌కు 1904లో పేటెంటు లభించినది. తోటలలో కొమ్మలు కత్తిరించు కత్తెరలకు బ్లేడు మొదలు స్ప్రింగు వరకు ప్రతి భాగమును విడిగా అమ్ము పద్ధతిని స్విట్జర్లాండులో ఫెలిక్స్ ఫ్లిష్ 1945లో స్థాపించిన ఫెల్కో సంస్థ పాటించుచున్నది. ఇనుప కడ్డీలు కోయు పెద్ద కట్టర్లకు దవడలను మార్చుట చిరకాలముగా వాడుకలో ఉన్నది. అయితే గడ్డము మెత్తనిది, కొమ్మ మెత్తనిది, తీగ కఠినమైనది. పెద్ద కట్టరు దవడలో చోటు కలదు, చిన్న పటకారులో లేదు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఈ చిక్కును లెక్కవేసి చూతము. పటకారు ఇరుసు నుండి మన పిడికిలి 12 సెంటీమీటర్ల దూరమునను, అంచు ఒకటిన్నర సెంటీమీటరు దూరమునను ఉన్నవనుకొందము. చేతి బలము అంచువద్ద 8 రెట్లగును. పిడికిలితో 25 కిలోల బరువంత ఒత్తిడి వేసినచో అంచుపై 200 కిలోలు పడును. అదే తీగను ఇరుసుకు 3 సెంటీమీటర్ల దూరమున, దవడ మొనతో కోసినచో 100 కిలోలే లభించును. అందువలననే తీగను ఎంత లోనికి పెట్టిన అంత సులువుగా తెగును.

ఇప్పుడు ఈ 200 కిలోల ఒత్తిడి ఎక్కడికి పోవుచున్నది? తీగ బ్లేడును వెనుకకు నెట్టును. బ్లేడు కేవలము 3 మిల్లీమీటర్ల మరమేకుపై ఆధారపడి యున్నచో ఆ బరువంతయు దానిపై పడును. ఆ మర నడుమ ఇనుము సుమారు 5 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. అనగా చదరపు మిల్లీమీటరు ఒక్కంటికి 40 కిలోలు. మెత్తని ఇనుము లాగిననే ఇంచుమించు అంత బరువునకు తెగును. అడ్డముగా కోయు ఒత్తిడికి ఇంకను తక్కువకే లొంగును. కనుక మర వంగును, బ్లేడు కదలును, అంచులు తప్పును. మార్పిడి బ్లేడు పటకారు నాసిరకమని కొందరికి అభిప్రాయము కలుగుటకు ఇట్టి నిర్మాణమే కారణము. దోషము మార్పిడిలో లేదు, బ్లేడును కూర్చుండబెట్టిన తీరులో ఉన్నది.

నాగలిని మరల చూడుడు. దున్నునప్పుడు నేల యొత్తిడి కర్రును కొయ్యకే అదుముచుండును. ఇనుప కట్టు దానిని జారకుండ పట్టియుంచుటకు మాత్రమే. పటకారు బ్లేడునకును ఇదే న్యాయము వర్తింపవలెను. దవడలో బ్లేడునకు సరిగా సరిపోవు గాడి తీయవలెను. బ్లేడు వీపు గాడి గోడకు పూర్తిగా ఆనుకొనవలెను. ఒత్తిడి బ్లేడు నుండి గోడకు, గోడనుండి దవడకు పోవలెను. మరమేకు బ్లేడును ఊడిపోకుండ కాపాడు పనికి మాత్రమే ఉండవలెను. ఈ ఒక్క సూత్రము పాటించినచో సగము పని అయినట్లే.

మిగిలిన మెరుగులను వరుసగా చెప్పెదను.

గాడి లోపలి మూలను సూటిగా విడువక చిన్న పల్లము తీయవలెను. లేనిచో ఇసుక రేణువో, ఇనుప రజనో అందుచేరి బ్లేడును వెండ్రుకవాసి పైకి లేపును. అంతమాత్రమునకే అంచులు కలియవు.

బ్లేడును రెండువైపుల అంచు గలదానిగా చేయవలెను. ఒక అంచు అరిగినప్పుడు త్రిప్పి పెట్టుకొనవచ్చును. ఫ్యాక్టరీలలో లేతు యంత్రములకు వాడు గట్టి బిళ్ళలను ఇట్లే మూల తరువాత మూల త్రిప్పి వాడుచున్నారు. ఒక వెలకు రెండు బ్లేడుల ఫలము దక్కును.

రాగి తీగకు పలుచని అంచు చాలును. ఇనుప తీగకు మందపు అంచు కావలెను. 14 గేజి తీగ అడ్డుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు. అది మెత్తని ఇనుమైనచో మామూలు చేతిబలమునకు తెగును. అదే కొలత గల స్ప్రింగు ఉక్కు తీగ బలము దానికి నాలుగైదు రెట్లు. దానిని అదే బ్లేడుతో కోయబూనిన అంచు పెచ్చులూడును. కనుక రెండు రకముల బ్లేడులు చేసి, ఏది దేనికో చదువురానివారికి సైతము తెలియునట్లు గుర్తు వేయవలెను.

ఇరుసును మరువరాదు. రివెట్టు వదులైన పటకారునకు క్రొత్త బ్లేడు పెట్టుట, కుంటియెద్దుకు క్రొత్త గంటలు కట్టినట్లే. రివెట్టునకు మారుగా బిగించుకొనదగిన మరను, అది తిరిగిపోకుండ నట్టును పెట్టినచో దవడలు ఎల్లప్పుడును సూటిగా కలియును.

మర చిన్నదై నేలబడి గడ్డిలో కలిసిపోరాదు. బ్లేడు విప్పినను మర దవడనుండి పూర్తిగా ఊడకుండ చేయుట మేలు. పల్లెలో దొరకు మామూలు స్క్రూడ్రైవరుతో అది తిరుగవలెను. ప్రత్యేక పరికరము కావలసినచో ఆ బ్లేడు ఎన్నడును మారదు.

ఇన్నియు చేసినను ఒకటి లోపించిన అన్నియు వ్యర్థము. బ్లేడు అంగడిలో దొరకవలెను. ఇంగ్లండులో ఒక్కొక్క కర్మాగారమునకు ఒక్కొక్క తీరు మర ఉన్న కాలమున, జోసెఫ్ విట్‌వర్త్ 1841లో అందరికిని ఒకే కొలత గల మరలను ప్రతిపాదించెను. మన దేశమున 1947లో భారత ప్రమాణముల సంస్థ ఏర్పడి, 1987లో భారత ప్రమాణముల బ్యూరోగా మారినది. ఒకే కొలత యొక్క విలువ అంతటిది. నలుగురు కమ్మరులు నాలుగు కొలతల బ్లేడులు చేయుటకంటె, నలుగురును కలిసి ఒకే కొలత నిర్ణయించుకొనుట కొనువారికిని, అమ్మువారికిని శ్రేయము.

అన్ని పటకారులకును ఈ పద్ధతి తగునని చెప్పుట సత్యము కాదు. గాడి తీసిన దవడలో ఇనుము తగ్గును, బలమును తగ్గును. ఇంటిలో ఏడాదికి నాలుగుసార్లు వాడు చిన్న పటకారునకు గాడి తీయు కూలియే అధికమగును. దినమెల్ల కంచెలు కట్టువారికి, వైరింగు పనివారికి, పందిళ్ళు వేయువారికి, పెద్ద దవడలు గల పటకారులకు ఇది లాభము.

చేసి చూడగోరువారికి పరీక్ష సులభము. దవడలు మూసి వెలుతురుకు అడ్డముగా పట్టుడు. అంచుల నడుమ వెలుతురు కనబడిన బ్లేడు సరిగా కూర్చుండలేదు. పిమ్మట ఒకే చుట్టలోని తీగను నూరుమార్లు కోసి, అంచున గంటుపడెనేమో, మర కదలెనేమో చూడుడు. ఒకసారికి ఒక మార్పే చేయుడు. మూడు మార్పులు ఒక్కమారు చేసినచో మేలు దేనివలన కలిగినదో, కీడు దేనివలన కలిగినదో తెలియదు.

పల్లెవాని చేతిలో పనిముట్టు మెరుగుపడునా అను సందేహము వలదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము, చీరకు ఆసు పోయుటలో తల్లి పడు భుజముల నొప్పి చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రమును సాధించెను. 2017లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. హైదరాబాదు బాలానగరులో 1968లో నెలకొన్న కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ, పంజాబులోని జలంధరునందలి కేంద్ర చేతిపనిముట్ల సంస్థ ఈ విద్యలో శిక్షణ నిచ్చుచున్నవి. నిజముగా నూతనమైన కల్పన చేసినవారు దానిని అందరికి చూపకముందే పేటెంటునకు దరఖాస్తు చేయవలెను. మొదట తాత్కాలిక వివరణ దాఖలు చేసి, పండ్రెండు మాసములలో పూర్తి వివరణ ఈయవచ్చును. మన తెలుగు రాష్ట్రములవారికి ఈ కార్యాలయము చెన్నైలో ఉన్నది.

చివరగా వాడుకను గూర్చి మూడు జాగ్రత్తలు. పిడికి రబ్బరు తొడుగు ఉన్నదని కరెంటు ప్రవహించు తీగను కోయవలదు. బ్లేడునకు పదునున్నను ప్రాణమునకు మార్పిడి లేదు. బిగించిన కంచె తీగను ముందు వదులుచేసి, రెండు కొసలను అదిమిపట్టి కోయుడు. తెగిన కొస ఎగసి కంటికి తగులును. కోసిన తీగ ముక్కలను ఏరి డబ్బాలో వేయుడు. మేతతో పాటు పశువు మింగిన ముక్క కడుపు గోడను చీల్చి గుండెవరకు పోవచ్చును.

కర్రు మార్చి నాగలిని నిలుపుకొన్న చేతులు మనవి. బ్లేడు మార్చి పటకారును నిలుపుకొనుట ఆ చేతులకు భారము కాదు. కమ్మరి కొలిమివద్దను, రైతు పొలమువద్దను, కరెంటు పనివారు పని వద్దను కనుగొన్న సంగతులను ఒకరికొకరు తెలుపుకొనుడు. వాడువాని మాట చేయువాని చెవిని పడిననాడే పనిముట్టు బాగుపడును.