బీదర్ యాత్ర – ఒక గుమాస్తా చూసిన చరిత్ర

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గత నెలలో మన సంఘం తరఫున జరిగిన బీదర్ విహారయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను వక్తను కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. "తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాసి చేతులు దులుపుకోవడం తప్ప, నా అభిప్రాయం ఇదీ అని చెప్పిన అలవాటు లేదు. ఇవాళ ఆ అలవాటు తప్పుతున్నాను. పెద్దలు మన్నించాలి.

జహీరాబాద్ నుండి బీదర్ సుమారు 30 కిలోమీటర్లు. బట్టలకు, ఆసుపత్రికి, పెళ్లిళ్లకు మనం ఎన్నిసార్లు వెళ్లి వచ్చామో లెక్క లేదు. కానీ చూడడానికని వెళ్లినవాళ్లు ఎందరు? నేనైతే డెబ్బై అయిదేళ్లు వచ్చేదాకా వెళ్లలేదు. మన పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒకప్పుడు బీదరే మన జిల్లా కేంద్రం. నిజాం కాలంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు హైదరాబాదు రాష్ట్రంతో పాటు బీదర్ జిల్లా కూడా మూడు ముక్కలయింది. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాకు వచ్చాయి. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. నాకప్పుడు ఆరేళ్లు. మా నాయన భూమి తగాదా పని మీద సద్దిమూట కట్టుకుని రైల్లో బీదర్ కచేరీకి వెళ్లివచ్చేవారు. "జిల్లాకు పోయొస్త" అనేవారే గాని బీదర్ అనేవారు కాదు. 2016 నుండి మనది సంగారెడ్డి జిల్లా అయినా, ఆ మాట నా చెవుల్లో ఉండిపోయింది.

ఉదయం ఏడు గంటలకు ఇరవై ఇద్దరం మినీ బస్సులో బయలుదేరాము. కార్యదర్శి గారు ముందే మాట్లాడి పెట్టినందువల్ల బీదర్‌లో ఒక గైడు మాకోసం ఎదురుచూస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి. దక్కనీ ఉర్దూ, కన్నడం, కాస్త తెలుగు కలిపి మాట్లాడతాడు. మా అందరినీ "చాచా", "అమ్మా" అని పిలిచాడు. మా నడకను ఒకసారి చూసి, "ఎండ ఎక్కక ముందే కోట, భోజనం తర్వాత మదరసా, చల్లబడ్డాక గుంబజులు" అని క్రమం చెప్పాడు. గైడు అవసరమా, బోర్డులు చదువుకుంటే చాలదా అని మాలో ఒకరిద్దరు బయలుదేరేటప్పుడు అన్నారు. సాయంత్రానికి వాళ్లే ఆయనకు శాలువా కప్పారు.

కోట ఎర్రరాతి గుట్ట అంచున ఉంది. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా గుల్బర్గా నుండి రాజధానిని ఇక్కడికి మార్చి, 1430 ప్రాంతంలో దీన్ని కట్టించాడు. కందకం మూడు వరుసలుగా ఉంటుంది. అది తవ్వి గోడ కట్టిన కందకం కాదు, రాతినే తొలిచి చేసింది. వరుసకూ వరుసకూ మధ్య రాతి గోడలను అలాగే వదిలేశారు. పదహారు స్తంభాల మసీదును చూపించి, ఇది 1423–24 నాటిదని గైడు చెప్పాడు. రంగీన్ మహల్‌కు తాళం వేసి ఉంటే సిబ్బందిని అడిగి తెరిపించాడు. నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగిన పని, చెక్కిన కొయ్య స్తంభాలు అందులో ఉన్నాయి. లోపల చీకటి. ఆయన టార్చి వేసి పక్కకు తిప్పగానే ఆ చిప్ప ముక్కలు తళుక్కుమన్నాయి. మాతో వచ్చిన అమ్మలు అక్కడి నుండి కదలలేదు.

మధ్యాహ్నం గురు నానక్ ఝిరా సాహిబ్ గురుద్వారాలో లంగరు భోజనం. నీళ్లకు కటకటగా ఉన్న ఆ చోట గురునానక్ ఊట పుట్టించాడని సిక్కుల విశ్వాసం. గురు గోవింద్ సింగ్ ఎంచుకున్న అయిదుగురు ప్యారేలలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ బీదర్ వారే. రొట్టె, పప్పు కడుపునిండా పెట్టారు. నీవెవరని అడిగినవారు లేరు. ఝరణీ నరసింహస్వామి గుహకు కూడా పోదామని కొందరు అన్నారు గాని, అక్కడ సొరంగంలో నడుము పైదాకా నీళ్లలో నడవాలి. మాలో సగం మందికి గుండె మాత్రలు జేబులో ఉన్నాయి. బయటి నుండే దండం పెట్టుకున్నాము.

భోజనం తర్వాత మహమూద్ గవాన్ మదరసాకు వెళ్లాము. నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడి సంగతే.

గవాన్ ఇరాన్ దేశంలోని గీలాన్ ప్రాంతం వాడు. వర్తకుడిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన చేసిన పనులు విని మా రెవెన్యూ వాళ్లందరం చెవులు రిక్కించాము. భూములు కొలిపించాడు. నాలుగు పెద్ద సుబాలను ఎనిమిది చేశాడు. ఒక్కొక్క సుబేదారు చేతిలో ఒక్క కోటే ఉండాలని కట్టడి చేశాడు. 1472లో ఈ విద్యాలయం కట్టించాడు. మూడంతస్తులు, 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు. ఇందులో మూడు వేల గ్రంథాలు ఉండేవట. తర్వాతి కాలంలో మందుగుండు పేలి ముందు భాగం చాలావరకు కూలిపోయింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. దాని మీద నీలి రంగు పలకలు ఇంకా అక్కడక్కడ అతుక్కుని ఉన్నాయి.

ఇంతటివాడు ఎలా పోయాడని మాలో ఒకాయన అడిగాడు. గైడు మమ్మల్ని నీడలో మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు. గవాన్ కట్టడులు గిట్టని సర్దార్లు ఆయన ముద్ర ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కున్నారు. వాణ్ణి మచ్చిక చేసుకుని, కానుకలిచ్చి, ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం మీద గవాన్ ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని పిలిచినట్టు జాబు సృష్టించారు. సుల్తాన్ మూడవ మహమ్మద్ షా అప్పుడు మన కొండపల్లి దగ్గర దండు విడిసి ఉన్నాడు. మద్యం మత్తులో ఉన్నాడు. గవాన్‌ను పిలిపించి జాబు చూపాడు. ముద్ర తనదే గాని రాత తనది కాదని గవాన్ చెప్పుకున్నాడు. విచారణ లేదు. 1481 ఏప్రిల్ 5న డెబ్బై దాటిన ఆ ముసలివాడి తల తీయించాడు. తర్వాత ఖజానా వెదికిస్తే ఆయన కూడబెట్టుకున్నది ఏమీ లేదని తేలిందట. పశ్చాత్తాపంతో సుల్తాన్ మరుసటి ఏడే పోయాడు. తర్వాతి దశాబ్దాలలో రాజ్యం అయిదు ముక్కలయింది.

అందరూ అయ్యో అన్నారు. "చాచా, సుల్తాన్ పేరు లోకానికి తెలుసు, గవాన్ పేరూ తెలుసు. ఆ ముద్ర వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు" అని గైడు నవ్వుతూ అన్నాడు. మిగతావాళ్లు లేచి పైకి వెళ్లారు. నేను లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పి అని చెప్పాను. అది అబద్ధం.

సోదరులారా, నా సర్వీసులో ఒక కాలంలో ఆఫీసు గుండ్రముద్ర నా సొరుగులో ఉండేది. ఏ ఆఫీసు, ఏ సంవత్సరం అన్నది ఇక్కడ అనవసరం. అధికారి క్యాంపుకు వెళుతూ, అర్జెంటుగా జవాబులు పంపవలసి వస్తే పనికి వస్తాయని రెండు ఖాళీ కాగితాల మీద సంతకం చేసి నాకిచ్చేవారు. ఆ రోజుల్లో అది మామూలు. ఒకనాడు నాతో పనిచేసే మిత్రుడు ఒకటి అడిగాడు. ఇద్దరం ఒకే టిఫిను డబ్బాలో తిన్నవాళ్లం. ఎందుకని అడగకుండా, ముద్ర కూడా వేసి ఇచ్చాను. నాలుగు నెలల తర్వాత అది ఒక తప్పుడు ఆదాయ ధ్రువపత్రమై బయటపడింది. సంతకం నిజం, ముద్ర నిజం, రాత అబద్ధం. విచారణలో, కాగితం బీరువాలో నుండి పోయి ఉంటుందని తేల్చారు. బీరువా తాళం చెవి రికార్డు అసిస్టెంటు దగ్గర ఉండేది. అతను తనకేమీ తెలియదని చెప్పుకున్నాడు. వినలేదు. రెండు ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో నిలిపివేశారు. ఆ ఉత్తర్వు ఫెయిర్ కాపీ రాసింది నేనే. రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది గాని నోరు పెగలలేదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, నా ఉద్యోగం పోతుందని భయం.

క్యుములేటివ్ ఎఫెక్ట్ అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ రెండు ఇంక్రిమెంట్లు అతని జీతంలో తిరిగి రాలేదు. పెన్షన్ లెక్కలో రాలేదు. అతను పోయాడు. ఇవాళ అతని భార్య తీసుకునే ఫ్యామిలీ పెన్షన్‌లో కూడా ఆ కోత ఉంది. ప్రతి నెలా మొదటి తారీఖున నా చేతి తప్పు ఆమె ఖాతాలో పడుతున్నది.

మధ్యాహ్నం బిద్రీ పనివారి దుకాణానికి వెళ్లాము. తుత్తునాగం, రాగి కలిపి పోత పోసి, చెక్కి, వెండి తీగ పొదుగుతారు. చివరన కోటలోని పాత మట్టిలో నవసాగరం కలిపి ఆ నీళ్లలో ముంచుతారు. వస్తువంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. సాయంత్రం అష్టూరులో బహమనీల గుంబజులు చూశాము. హుమాయూన్ గుంబజు పిడుగు పడి నిలువునా చీలిపోయి ఉంది. అహ్మద్ షా వలీ గుంబజు లోపల రంగుల చిత్రాలు నేటికీ ఉన్నాయి. ఆయన ఉర్సును లింగాయత జంగమ స్వామి వచ్చి జరిపిస్తారని, హిందువులు ఆయనను అల్లమ ప్రభువుగా కొలుస్తారని గైడు చెప్పాడు. అందరూ ఫోటోలు దిగారు. నేను కూడా దిగాను. రాత్రి ఎనిమిదింటికి జహీరాబాద్ చేరాము.

వచ్చే ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాను. చాయ్ ఇచ్చింది. "అమ్మా, మీ ఆయన మీద పడ్డ నింద నాది" అని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. జీవన ధ్రువపత్రం ఫారం. "అన్నా, పిల్లలు దగ్గర లేరు. నాకు రాయరాదు. నువ్వు నింపుకో, వేలిముద్ర నేను ఇప్పుడే వేస్త" అని బొటనవేలికి సిరా రాసుకుంది. ఫారం ఖాళీగా ఉంది. ఆగమన్నాను. ఒక్కొక్క గడి నింపి, నింపినదంతా ఆమెకు చదివి వినిపించి, ఆ తర్వాతనే వేలిముద్ర వేయించాను. ఆమె నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆ వారమే జరిగింది జరిగినట్టుగా నా సంతకంతో సంబంధిత శాఖకు దరఖాస్తు రాశాను. అతనిపై శిక్ష రద్దు చేసి, ఫ్యామిలీ పెన్షన్ సవరించాలని కోరాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సిద్ధమని కూడా రాశాను. ప్రతి ఒకటి మన కార్యదర్శి గారికి ఇచ్చాను. సంఘం దాని వెంట పడుతుందని ఆయన మాట ఇచ్చారు. ఫలితం ఎలా ఉంటుందో చూడాలి.

ఇవాళ పెన్షనర్ల దినోత్సవం. పెన్షన్ అనేది దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రోజు. ఆ హక్కును కాపాడుకోవడంలో మన వంతు కూడా ఉంది. ఖాళీ కాగితం మీద, ఖాళీ ఫారం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం గాని వేలిముద్ర గాని వేయకండి. అడిగినవాడు కన్నకొడుకైనా సరే, నింపి చదివిన తర్వాతనే. ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా ఈ కాలపు గుండ్రముద్రే. బ్యాంకు నుండి అని చెప్పినా ఎవరికీ చెప్పవద్దు.

సంఘం మళ్లీ బీదర్ యాత్ర వేస్తే తప్పక వెళ్లండి. మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే వెళ్లండి. చేతికర్ర, నీళ్ల సీసా, మాత్రలు మరవకండి. గైడును పెట్టుకోండి. రాళ్లు మనకు కనిపిస్తాయి గాని, వాటి కథ తెలిసినవాడు చెప్పాలి.